గుడ్డ డైపర్లు: సోనారి వానాకాలానికి ఏవి నయం?

జంషెడ్‌పూర్‌లో సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే దోముహాని సోనారిలోనే ఉంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఇక్కడ ముసురు పట్టిందంటే బట్టలు ఓ పట్టాన ఆరవు. పసిబిడ్డకు గుడ్డ డైపర్లు కొనేటప్పుడు రంగులు, బొమ్మల కన్నా ముందు చూడాల్సింది ఇదే. తడి పూర్తిగా ఆరని గుడ్డ కడితే చర్మం ఒరుసుకుని దద్దుర్లు వస్తాయి. అందుకే తొందరగా ఆరేదే ఇక్కడ మంచి డైపర్.

ఏ రకాలున్నాయి?

ఉక్కు కర్మాగారం పనికి వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలకు పొత్తిగుడ్డలు కొత్త కాదు. పాత నూలు చీర, పంచె ముక్కలు మడిచి కట్టేవారు. ఒంటి పొర గుడ్డ కాబట్టి తేలిగ్గా ఉతకొచ్చు, అన్నిటికన్నా త్వరగా ఆరుతుంది. అయితే తడి బయటికి వస్తుంది. దానిపై నీరు దిగని పూత ఉన్న కవరు వేస్తే ఆ ఇబ్బంది తీరుతుంది.

రెండోది పాకెట్ డైపర్. సంచిలాంటి కవరులో విడి ప్యాడ్ దూర్చాలి. ఉతికేటప్పుడు ప్యాడ్ బయటికి తీస్తాం కనుక రెండూ విడివిడిగా ఆరతాయి.

మూడోది ప్యాడ్ కుట్టేసి ఉండే డైపర్. వేయడం సులువే. కానీ పొరలన్నీ ఒకేచోట ఉండడంతో ఆరడానికి చాలాసేపు పడుతుంది. వానాకాలంలో దీన్నే నమ్ముకుంటే కష్టం.

ప్యాడ్లలో నూలు, వెదురు పీచు గుడ్డను చర్మానికి నేరుగా తగిలించవచ్చు. మైక్రోఫైబర్ చర్మంలోని తేమను కూడా లాగేస్తుంది కాబట్టి దాన్ని పాకెట్ లోపలే ఉంచాలి.

ఎన్ని కావాలి?

పుట్టిన కొత్తలో రోజుకు 8 నుంచి 12 మార్పులు తప్పవు. రోజు విడిచి రోజు ఉతికితే 20 నుంచి 24 గుడ్డలు, 5 లేక 6 కవర్లు చాలు. రాత్రికి, ప్రయాణాలకు నాలుగైదు పాకెట్ డైపర్లు తీసుకుంటే మేలు. నడుము దగ్గర రెండు వేళ్ళు దూరాలి. తొడల మీద ఎర్రటి గీతలు పడితే బిగువు ఎక్కువైనట్టు.

ఉతకడం

కొత్త నూలు గుడ్డ మొదట్లో సరిగా పీల్చదు. నాలుగైదు సార్లు ఉతికాకే వాడాలి. మలాన్ని ముందు టాయిలెట్‌లో దులిపేసి, చన్నీళ్ళలో జాడించి, ఆ తర్వాత సబ్బు పొడితో ఉతకాలి. ఫ్యాబ్రిక్ కండిషనర్ వద్దు. దాని పూత వల్ల గుడ్డ పీల్చడం మానేస్తుంది. బోరు నీరు ఉప్పగా ఉంటే సబ్బు వదలదు, మరోసారి జాడించాలి. ముసురు రోజుల్లో నూలు గుడ్డను ఫ్యాను కింద ఆరేసి, చివర్లో ఇస్త్రీ చేయవచ్చు. కవర్లకు మాత్రం ఇస్త్రీ పెట్టకూడదు, పూత కరిగిపోతుంది.

ఖర్చు, చెత్త

వాడి పారేసే డైపర్ ఒకటి 10 రూపాయలనుకుంటే, రోజుకు 6 చొప్పున నెలకు 1,800 రూపాయలు. గుడ్డవాటికి మొదట్లో ఒకేసారి డబ్బు పెట్టాలి. తర్వాత నీళ్ళు, సబ్బు, శ్రమ. ఆ శ్రమ ఇంట్లో ఎవరి మీద పడుతుందో ముందే మాట్లాడుకోవడం మంచిది. వాడిన డైపర్లను భద్రంగా చుట్టి పొడి చెత్త డబ్బాలో వేయాలని 2016 ఘన వ్యర్థాల నియమాలు చెప్పాయి.

గుడ్డ అయినంత మాత్రాన పర్యావరణానికి మేలని కాదు. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2008 అధ్యయనం ప్రకారం, ఒక బిడ్డకు రెండున్నరేళ్ళలో వాడి పారేసేవాటి కర్బన ఉద్గారాలు సుమారు 550 కిలోలు, గుడ్డవాటివి సుమారు 570 కిలోలు. మెషీన్ నిండా వేసి ఉతికి, తీగ మీద ఆరేసి, రెండో బిడ్డకూ అవే వాడితే గుడ్డవాటి లెక్క 40 శాతం దాకా తగ్గింది.

డాక్టరుకు ఎప్పుడు చూపించాలి?

ఏ డైపరైనా రెండు మూడు గంటలకోసారి మార్చాలి, మలం అయితే వెంటనే. ఎరుపు రెండు మూడు రోజుల్లో తగ్గకపోయినా, చీముపొక్కులు వచ్చినా, జ్వరం తగిలినా పిల్లల డాక్టరుకు చూపించాలి.

ఒకేసారి 24 కొనేయకండి. ఒక్కో రకం రెండేసి తెచ్చి ఉతికి, మీ బాల్కనీలో ఎంతసేపటికి ఆరతాయో చూడండి. మీ ఇంటికి ఏది సరిపోతుందో అప్పుడే తెలుస్తుంది.