నాస్తికుడను పేరు

కర్నూలు మండలమున గుత్తికి చేరువనున్న ఎఱ్ఱగుడి బండలపై అశోకుడు చెక్కించిన శాసనములలో పండ్రెండవది పాషండులను గూర్చినది. సన్న్యాసులైనను గృహస్థులైనను సర్వపాషండులను తాను గౌరవించుచున్నాననియు, స్వమతమును పొగడుకొనుటకై పరమతమును దూషింపరాదనియు ఆ చక్రవర్తి అందు బోధించెను. అప్పటికి పాషండమనగా ఒకానొక మతసంఘము మాత్రమే. ఆ మాటయందు నిందాస్పర్శ లేదు. క్రీస్తుకు పూర్వము 3వ శతాబ్దిలో రాజు నోట అంత మర్యాదతో వెలువడిన యీ శబ్దమే మనుస్మృతిలో జూదరుల సరసను, మద్యవిక్రేతల సరసను చేరినది. అట్టివారిని పురమునుండి సత్వరముగా వెడలగొట్టవలెనని ఆ గ్రంథము రాజునకు విధించినది.

నాస్తికశబ్దపు గతియు నిట్టిదే. పాణిని సూత్రమునకు వ్యాఖ్యాతలు చెప్పిన యర్థమునుబట్టి పరలోకము లేదనువాడు నాస్తికుడు. మనువు వేదనిందకునకు ఆ పేరు పెట్టెను. ఈశ్వరుడు లేడనువాడను నేటి యర్థము తరువాత ప్రబలినది. కనుకనే జగత్కర్తయగు ఈశ్వరుని అంగీకరింపని పూర్వమీమాంసకులు, వేదమును ప్రమాణముగా గొన్న మాత్రమున, ఆస్తికపంక్తిని పీటలు వేసికొని కూర్చుండగలిగిరి. పుణ్యపాపములను, జన్మాంతరమును నమ్మిన బౌద్ధజైనులు ఆ పంక్తికి వెలియైరి. మనుజుని విశ్వాసముకంటె వాని విధేయతయే యీ పేరునకు కొలతయైనదని నా నిశ్చితాభిప్రాయము.

పేరు పెట్టుటతో ఆగక, దానివెంట ఒక శీలమును గూడ అంటగట్టుట లోకమునకు పరిపాటి. పరలోకమును నమ్మని లోకాయతుల, అనగా చార్వాకుల, మూలగ్రంథములు మనకు దక్కలేదు. వారిని గూర్చి మనమెఱిగినదెల్ల దాదాపుగా ప్రతిపక్షులు వ్రాసినదే. 14వ శతాబ్దిలో మాధవాచార్యుడు సర్వదర్శనసంగ్రహమును చార్వాకమతముతోనే ఆరంభించెను గాని, అందును వారు సుఖలాలసులుగానే కానవత్తురు. శాంతిపర్వమున చార్వాకుడను పేరుగల రాక్షసుడు, దుర్యోధనుని చెలికాడు, భిక్షువేషమున ధర్మరాజు పట్టాభిషేకసభకు వచ్చెను. ఆతడాడిన మాటలో దేవుని ప్రసక్తియే లేదు. జ్ఞాతివధ చేసినవాడు రాజ్యమేలుట తగదనుటయే వాని యాక్షేపణ. బ్రాహ్మణుల హుంకారమునకు వాడు దగ్ధుడయ్యెను. సభలో ధర్మప్రశ్న వేసినవానికే ఆ పేరు తగులుకొనుట విచారింపదగినది. ఇక అయోధ్యాకాండమున జాబాలి పరలోకమును కాదని, తండ్రి మాటను విడిచి రాజ్యము గైకొనుమని రామునకు చెప్పి, ఆయన ఆగ్రహించినంతనే తాను నాస్తికుడను కాననియు, అయోధ్యకు మరలించుటకై సమయోచితముగా అట్లు పలికితిననియు విన్నవించుకొనెను.

జాబాలి వదలించుకొన్న పేరును కోరి ధరించినవాడు మన యాంధ్రదేశమున గోరా, అనగా గోపరాజు రామచంద్రరావు. యజ్ఞోపవీతమును విసర్జించినందుకు ఇల్లు విడువవలసివచ్చెను; దేవుని భావనను గూర్చి వ్యాసము వ్రాసినందుకు 1933లో కాకినాడ కళాశాలలో ఉద్యోగము పోయెను. దేవుడు లేడనువానికి పాపభీతి యెక్కడిది, వాని మాట నమ్మదగినదా, వాని యింట పిల్లనిత్తుమా అని మన పల్లెలలో పెద్దలు ప్రశ్నింతురు. ఈ ప్రశ్నలకు ఆయన తర్కముతో గాక కాపురముతో సమాధానము చెప్పెను. 1940లో కృష్ణా మండలము ముదునూరున నెలకొల్పిన సంస్థకు మెత్తని పేరేదియు వెదుకక నాస్తిక కేంద్రమనియే పేరిడెను. అస్పృశ్యులని దూరముంచబడినవారితో కలసి ఒకే పంక్తిని భోజనము చేయుట ఆ కేంద్రమున ముఖ్యకార్యము. గర్భిణి గ్రహణము చూచినచో బిడ్డకు అంగవైకల్యము కలుగునని ఊరెల్ల తలుపులు మూసికొను వేళ, ఆయన యర్ధాంగి సరస్వతి గర్భవతియై యుండియు వెలుపలికి వచ్చి నిలిచెను. అట్టి ధైర్యమునకు నేను మ్రొక్కుదును.

నాస్తికత ఆత్మనిరాకరణమని 1941లో గోరాకు జాబు వ్రాసిన గాంధీమహాత్ముడు, 1944లో తన సేవాగ్రామ ఆశ్రమమునకు పిలిపించుకొని, ఆ పనులన్నియు విని, తన యాస్తికత సరియనిగాని గోరా నాస్తికత తప్పనిగాని తాను చెప్పజాలనని ఒప్పుకొనెను. గోరా తన పెద్దకుమార్తెను హరిజన యువకునకిచ్చి చేయ నిశ్చయింపగా, ఆ వివాహమును సేవాగ్రామమున జరిపించుటకును, అందు దేవుని పేరునకు మారుగా సత్యము పేరు నిలుపుటకును మహాత్ముడు సమ్మతించెను. ఆయన హత్యానంతరము, 1948 మార్చిలో, ఆ వివాహము ఆశ్రమముననే జరిగినది.