పింగాణీ కప్పుల మరమ్మతు

పెచ్చు ఊడిన పింగాణీ కప్పును, మగ్గును ఇంట్లో బాగుచేసుకునే దారులు ముఖ్యంగా మూడు: ఊడిన చోటును అరగదీసి నునుపు చేయడం, ఎపాక్సీ జిగురుతో పూడ్చడం, జపానువారి పద్ధతిలో చెట్టుపాలతో అతకడం. ఏ దారి పట్టాలో పెచ్చు పరిమాణం కన్నా అది ఊడిన చోటు తేలుస్తుంది. పెదవి తగిలే అంచు, వేడి పానీయం నిలిచే లోపలి గోడ, బరువు మోసే పిడి: ఈ మూడు చోట్లా మామూలు జిగురును నమ్మకూడదు.

ముందు ఆ కప్పు ఏ రకం మట్టిదో చూడాలి. అసలైన పింగాణీని, బోన్ చైనాను 1200 డిగ్రీల సెల్సియస్ పైబడిన వేడిలో కాలుస్తారు. ఆ వేడికి మట్టి రేణువులు కరిగి కలిసిపోయి లోపలి పదార్థం కూడా నీరు పీల్చని స్థితికి వస్తుంది. అంతకన్నా తక్కువ వేడిలో, 1000–1150 డిగ్రీల మధ్య కాల్చిన మట్టిపాత్రలకు పైనున్న గాజుపూతే రక్ష. అది ఊడిందంటే లోపలి మట్టి నీటిని, పాలను పీలుస్తుంది; మరకపడి వాసన వేస్తుంది. తేడా తెలుసుకోవడం తేలిక. పెచ్చు ఊడిన చోట ఒక్క నీటిచుక్క వేసి కాసేపు చూడాలి. చుక్క నిలిస్తే ఆ కప్పు మరమ్మతుకు పనికొస్తుంది. ఇంకిపోతే ఇక అందులో తాగకపోవడమే మంచిది.

పెచ్చుతో పాటు బీట కూడా ఉందేమో చూసుకోవాలి. కప్పును అరచేతిలో నిలబెట్టి వేలిగోటితో మీటితే బాగున్నది ఖంగుమంటుంది, బీట పడినది మొద్దుగా పలుకుతుంది. బీట పడిన కప్పు వేడి కాఫీ పోసినప్పుడు చేతిలోనే రెండుగా విడిపోవచ్చు కాబట్టి దానిమీద ఏ పనీ చేయనక్కర్లేదు.

అరగదీయడం

అంచున రెండు మిల్లీమీటర్లకు మించని పెచ్చుకు ఇదే మేలైన వైద్యం. అంచు ఆకారం కొద్దిగా మారినా, కప్పులో కొత్త పదార్థమేదీ చేరదు. వజ్రపు పొడి అతికించిన సన్నని ఆకురాయి హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతుంది. అది లేకపోతే పెయింటర్లు వాటర్ పేపర్ అనే నల్లటి ఉప్పుకాగితం చాలు. 220 నంబరుతో మొదలుపెట్టి 400, 600, 1000 దాకా వెళ్లాలి. చేయి ఎప్పుడూ బయటి నుంచి లోపలికి, ఒకే దిశలో నడవాలి. ముందుకూ వెనక్కూ రుద్దితే పక్కనున్న గాజుపూత కొత్తగా పెచ్చులు లేస్తుంది. కప్పునూ కాగితాన్నీ తడిగా ఉంచడం తప్పనిసరి. పింగాణీ ధూళిలోని సిలికా ఊపిరితిత్తులకు చెరుపు చేస్తుంది. తడిపితే ధూళి లేవదు, అయినా ఎన్95 మాస్కు పెట్టుకోవాలి. చివర్లో తడి దూది అంచు చుట్టూ తిప్పితే పోగులు ఎక్కడా చిక్కుకోకూడదు. చిక్కుకున్న చోట పెదవి కూడా తెగుతుంది.

జిగుళ్లు

అరాల్డైట్ వంటి రెండు ట్యూబుల ఎపాక్సీ పింగాణీని గట్టిగానే పట్టుకుంటుంది. చిక్కల్లా వేడితోనే. గది ఉష్ణోగ్రతలో గట్టిపడే ఎపాక్సీలు చాలావరకు 50–60 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలుపెడతాయి. అప్పుడే కప్పులో పోసిన కాఫీ వేడి అంతకన్నా ఎక్కువ. పైగా ఆహారానికి తగలవచ్చని ప్యాకెట్ మీద స్పష్టంగా రాయని ఏ జిగురునూ నోటి దగ్గరికి రానివ్వకూడదు. కాబట్టి ఎపాక్సీ చోటు కప్పు బయటివైపు, అడుగు భాగం, సాసరు. పెచ్చును స్పిరిట్‌తో తుడిచి ఆరబెట్టి, జిగురులో కాస్త తెల్లటి టాల్కం పొడి కలిపి, ఉపరితలం కన్నా కొంచెం ఎత్తుగా నింపి, కనీసం ఒక రోజు ఆగి సానబెడతారు. ఫెవిక్విక్ వంటి తక్షణ జిగుళ్లు పెళుసు. తడికీ వేడికీ ఎక్కువకాలం నిలవవు. విరిగిన పిడిని దేనితో అతికించినా ఆ కప్పును పెన్నులకు కేటాయించడమే క్షేమం.

కింత్సుగి

జపాను కింత్సుగిలో వాడేది ఉరుషి అనే చెట్టుపాలు. దాన్ని గోధుమపిండితో కలిపి ముక్కలు అతుకుతారు, సన్నని మట్టిపొడితో కలిపి పెచ్చులు పూడుస్తారు, చివర బంగారు పొడి అద్దుతారు. ఈ పాలు ఎండకు ఆరవు. 20–30 డిగ్రీల వేడి, 70 శాతం పైబడిన గాలితేమ ఉంటేనే గట్టిపడతాయి, పని పూర్తికావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడతాయి. పచ్చి ఉరుషి తగిలితే ఒళ్లు పొక్కుతుంది. మన జీడిమామిడి, నల్లజీడి కూడా ఆ చెట్టు కుటుంబానివే, జీడి సొన తగిలితే చర్మం కాలడమూ అలాంటి పదార్థాల వల్లే. పూర్తిగా గట్టిపడిన ఉరుషి మాత్రం తినే గిన్నెలకు జపానులో శతాబ్దాలుగా వాడుకలో ఉంది. అయితే ఇదే పేరుతో అమ్మే చవక కిట్లలో చాలావాటిలో ఉండేది ఎపాక్సీ, బంగారు రంగు పొడి, అవి అలంకారానికే. అసలు బంగారం పూసిన కప్పునైనా మైక్రోవేవ్‌లో పెట్టకూడదు.

కింత్సుగికి ముందున్న పద్ధతి, విరిగిన ముక్కలకు రంధ్రాలు చేసి లోహపు కొక్కేలు బిగించడం. టోక్యో జాతీయ మ్యూజియంలో బాకోహాన్ అనే చైనా టీ గిన్నె అలాంటిదే. 15వ శతాబ్దపు జపాను సైనిక పాలకుడు (షోగన్) అషికాగా యోషిమాసా బీట పడిన ఆ గిన్నెను చైనాకు పంపి బదులుగా మరొకటి కోరితే, అంతటి గిన్నె ఇక దొరకదని కొక్కేలు వేసి తిప్పి పంపారని కథనం.

కొత్త గాజుపూత వేసి మళ్లీ కాల్చడం వంటింటి ఒవెన్‌తో కాదు; అది 250 డిగ్రీల దగ్గరే ఆగుతుంది, గాజుపూత కరగడానికి అంతకు కొన్ని రెట్ల వేడి కావాలి.

ఇక పాతకాలపు, ఎక్కడ చేశారో తెలియని రంగురంగుల కప్పుల సంగతి వేరు. వాటి గాజుపూతలో సీసం ఉండవచ్చు. పెచ్చు ఊడాక నిమ్మరసం వంటి పులుపు తగిలితే ఆ సీసం పానీయంలోకి దిగుతుంది, అరగదీస్తే ధూళిలో లేస్తుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో అలాంటి కప్పును అరగదీయకండి, అందులో ఏమీ తాగనివ్వకండి.