తవ్వకాల ఫొటోగ్రఫీ

పురావస్తు తవ్వకం సాగుతుండగా ఆ స్థలాన్ని, బయటపడ్డ వస్తువులను, తవ్వే మనుషులను, వాళ్ల పనిముట్లను ఫొటోల్లో నమోదు చేయడాన్ని తవ్వకాల ఫొటోగ్రఫీ అంటారు. ఒకసారి తవ్విన మట్టి పొరను మళ్లీ ఉన్నది ఉన్నట్టు పరచడం ఎవరివల్లా కాదు. అందుకే తవ్వకంలో తాపీ ఎంత అవసరమో కెమెరా అంత అవసరం.

ఈ ఫొటోలు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది రికార్డు ఫొటో. షట్టర్ నొక్కే ముందు నడిచే తతంగమే ఇందులో ఎక్కువ. గుంట గోడలను తాపీతో నిటారుగా చెక్కుతారు. అడుగును కుంచెతో ఊడ్చుకుంటూ, తమ అడుగుల జాడ కూడా మిగలకుండా వెనక్కి జరుగుతూ పైకి వస్తారు. మట్టి ఎండిపోయి పొరల రంగులు కలిసిపోయినట్టుంటే పలచగా నీళ్లు చిలకరిస్తారు. తడికి నల్లమట్టి, బూడిద, ఇటుక పొడి వేటికవి విడిపడి కనిపిస్తాయి. గోడ నీడ గుంటలో పడితే సగం వివరాలు చీకట్లో పోతాయి కనుక పొద్దుటి వెలుతురు కోసమో మబ్బు కోసమో కాచుకుంటారు, లేదా టార్పాలిన్ పట్టి గుంట మొత్తానికి నీడ చేస్తారు. పారలు, గడ్డపారలు, మట్టి తట్టలు, నీళ్ల సీసాలు, చెప్పులు అన్నీ ఫ్రేము దాటి పోవాల్సిందే. మిగిలేది కొలబద్ద, ఉత్తర దిక్కు చూపే బాణం, స్థలం పేరూ గుంట సంఖ్యా తేదీ రాసిన పలక. బాణం చేతికి అందనప్పుడు తాపీనే మొన ఉత్తరానికి పెట్టి పడుకోబెట్టడం ఈ వృత్తిలో పాత అలవాటు.

రెండో రకం పని జరుగుతున్నప్పటి ఫొటో. రికార్డు ఫొటో తుడిచేసినవన్నీ ఇందులో ఉంటాయి: జల్లెడ పట్టే చేతులు, తట్టలు అందుకునే వరస, వంగిన వీపులు. నివేదికల్లో దీనికి చాలాకాలం ముందుపేజీ అలంకారం స్థాయే దక్కింది. అది అన్యాయం. ఫలానా గుంటను ఏ పనిముట్టుతో, ఎంతమంది, ఎంత జాగ్రత్తగా తవ్వారో తరవాతి తరానికి ఇదే చెబుతుంది.

ఈ రంగంలో అందరికంటే ఎక్కువ పేరు వచ్చింది హ్యారీ బర్టన్‌కు (1879–1940). న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ఈజిప్టు బృందంలో ఫొటోగ్రాఫర్‌గా ఉన్న ఈ ఆంగ్లేయుణ్ని, 1922 నవంబరులో ప్రాచీన ఈజిప్టు రాజు తూతన్‌ఖామన్ సమాధి బయటపడ్డాక, దాన్ని తవ్వుతున్న హోవార్డ్ కార్టర్ బృందానికి అరువిచ్చారు. పెద్ద కెమెరా, గాజు ప్లేట్లు, విద్యుత్ దీపాలు ఆయన సరంజామా. ఆ సమాధి ఉన్న రాజుల లోయలోనే మరో సమాధిని డార్క్‌రూమ్‌గా మార్చుకుని ప్లేట్లను అక్కడే కడిగేవాడు. ఏ వస్తువునైనా కదిలించక ముందు పక్కన సంఖ్య వేసిన కార్డు పెట్టి ఫొటో తీసేవాడు. కార్టర్, ఆయన బృందంలోని ఆర్థర్ క్యాలెండర్ కలిసి కాపలా విగ్రహానికి గుడ్డ చుట్టడం, రసాయన శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ లూకస్, ఆర్థర్ మేస్ రథం దగ్గర పనిచేయడం చూపే ఫొటోలు కూడా ఆయన తీసినవే. ఆ ప్లేట్లకు మనుషులు కదలకుండా ఆగాలి. కాబట్టి వాటిలో కనిపించే ఏకాగ్రతలో కొంత నిజం, కొంత నటన. ఈ సమాధి గురించి రాసిన పుస్తకంలో కార్టర్ నలుగురు ఈజిప్టు మేస్త్రీలకు పేరుపేరునా కృతజ్ఞత చెప్పాడు. ఫొటోల్లో వాళ్ల ముఖాలు ఏవో మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

భారతదేశంలో తవ్వకాల ఫొటోగ్రఫీకి క్రమశిక్షణ తెచ్చినవాడు మార్టిమర్ వీలర్. 1944 నుంచి 1948 వరకు పురావస్తు సర్వేక్షణ శాఖ డైరెక్టర్ జనరల్‌గా అరికమేడు, హరప్పా, బ్రహ్మగిరిలో తవ్వకాలు జరిపాడు. తవ్వకం పద్ధతుల మీద 1954లో వెలువడ్డ ఆయన పుస్తకంలో ఫొటోగ్రఫీకి విడిగా ఒక అధ్యాయమే ఉంది.

తెలుగు నేల మీద రెండు స్థలాలను పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. అమరావతి స్తూప శిల్పాలను 1858లో లినేయస్ ట్రైప్ ఫొటోలు తీశాడు, కానీ అప్పటికే అవి మద్రాసు మ్యూజియానికి చేరాయి. శిల్పంలోని ప్రతి గీతా ఆ ఫొటోల్లో పలుకుతుంది. కానీ ఆ రాయి స్తూపం దగ్గర ఏ లోతులో, దేని పక్కన పడి ఉండేదో తెలియదు. నాగార్జునకొండలో అలా కాలేదు. ఆ లోయను ముంచే ఆనకట్ట నీళ్లు రాకముందే 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో లోయంతా తవ్వారు. కొన్ని కట్టడాలను కొండ మీదికీ అనుపు అనే చోటికీ తరలించారు. తక్కినవి జలాశయం అడుగున ఉన్నాయి కనుక, ఏ విహారం దేనికి ఎటువైపు ఉండేదో చూడాలంటే ఆనాటి పటాలూ ఫొటోలే దిక్కు.

ఇప్పుడు డ్రోన్లు వచ్చాయి. వందలాది ఫొటోలను కలిపి కంప్యూటర్‌లో గుంటకు మూడు కొలతల నమూనా కడుతున్నారు. అయినా కొలబద్ద అవసరం తీరలేదు. కొలత తెలిసిన గుర్తులు ఫ్రేములో లేకపోతే ఆ నమూనాలోని గుంట గజం లోతుదో గది లోతుదో ఫొటోలను బట్టి మాత్రమే తేలదు.