పొగ తగ్గింపునకు వెల ఎంత?

1998లో మాదాపూరున సైబర్ టవర్స్ వెలసిన నాటినుండి హైటెక్ సిటీ బాటలలో వాహనాలూ, వాటి వెంట పొగయూ పెరిగాయి. 2003లో ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు వచ్చాయి, ఉన్న పట్టాలనే వాడుకొన్నందున తొలిదశ వ్యయం సుమారు 178 కోట్ల రూపాయలు. 2019లో హైటెక్ సిటీని చేరిన మెట్రోకు ఒప్పందంనాటి మొత్తం అంచనా 14,132 కోట్లు; దాని స్తంభాలూ, స్టేషన్లూ అన్నీ కొత్తగా కట్టవలసివచ్చింది.

అంతమాత్రాన చవుకైనదే మేలని తీర్పు చెప్పరాదు. వెచ్చించిన రూపాయికి ఎంత పొగ తగ్గిందో చూడాలి. సిటీబస్సు దిగి రైలెక్కినవానివల్ల తగ్గే పొగ స్వల్పం. సొంత కారు ఇంట విడిచివచ్చినవానివల్ల తగ్గేది అధికం. రైలు అరుదుగా వచ్చినా, స్టేషన్ నుండి కార్యాలయానికి నడిచే బాట లేకున్నా, అతడు కారు విడువడు. కనుక శ్రోతలారా, ఇన్ని కోట్ల ఫలమూ చివరి అరమైలులోనే తేలుతుంది.