అత్తయ్య పెట్టని సంతకం

తెనాలి దగ్గర మా అత్తయ్యకు పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చిన పొలం అర ఎకరం. ఉద్యోగం చేసినన్నాళ్లూ జీతమంతా ఇంటికే పోసింది. తనదని చెప్పుకోవడానికి ఆ చెక్క ఒక్కటే ఉండేది. మామయ్య పోయాక, కౌలుకు చేసేవాళ్లు దొరక్క అదీ అమ్మేసింది. వచ్చిన సొమ్మంతా బ్యాంకులో వేసి, మోకాళ్ల నొప్పులతో తాను తిరగలేదు గనుక తన కొడుకు, అంటే మా బావ పేరు కూడా ఖాతాలో చేర్పించింది. చిరునామా బావ గుంటూరు ఇంటిదే ఇచ్చారు. 'ఐదర్ ఆర్ సర్వైవర్' అన్న గడిలో టిక్కు పెట్టారు: ఇద్దరిలో ఎవరైనా తీసుకోవచ్చు, ఒకరు పోతే మిగిలినవారికి. అప్పుడు ఆమె మనసులో ఉన్నది తన చావు గురించిన ఏర్పాటే.

బావది మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం. ధర బాగున్న ఏడాది లెక్కల్లో చూపని అమ్మకాలు తర్వాత అసెస్‌మెంట్‌లో బయటపడ్డాయి. పన్ను డిమాండు వచ్చేనాటికి ధర పడిపోయి, సరుకు కోల్డ్ స్టోరేజీలో తాకట్టులో ఉంది. గడువు దాటిన బాకీ మీద నెలకు 1 శాతం వడ్డీ. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

కంటి ఆపరేషన్‌కు అత్తయ్య ఇచ్చిన చెక్కు వెనక్కి వచ్చిన రోజున మాకు సంగతి తెలిసింది. ఆదాయపు పన్ను శాఖ ఖాతాను జప్తు చేసింది. మామూలు ప్రోనోటు అప్పయి ఉంటే, కొడుకు ఒక్కడి పేరున వచ్చిన కోర్టు గార్నిషీ ఆర్డరుకు ఉమ్మడి ఖాతాను బ్యాంకులు సాధారణంగా ముట్టుకోవు. పన్ను బాకీ సంగతి వేరు. అప్పట్లో అమల్లో ఉన్న 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 226(3) ప్రకారం ఉమ్మడి ఖాతాలో వాటాలు సమానమనే లెక్క, కాదని రుజువయ్యేదాకా. నోటీసు నకలు ఖాతాదారులందరికీ పంపాలని కూడా అందులోనే ఉండేది. పంపారు. గుంటూరు ఇంటికి అత్తయ్య పేరున వచ్చిన ఆ కవరును బావే తీసుకుని దాచాడు.

డబ్బు తీసుకొచ్చేందుకు బావకు ఒక అధికారపత్రం రాసిచ్చి, నామినీగా పేరు పెట్టి ఉంటే సరిపోయేది. ఖాతాదారు బతికుండగా నామినీకి ఆ సొమ్ములో వాటా ఉండదు. బ్యాంకులో ఒక్కరైనా ఆమెకు ఆ మాట చెప్పి ఉండాల్సింది. ఇప్పటికీ నాకు అదే బాధ.

అయినా దారి మూసుకుపోలేదు. అమ్మిన దస్తావేజు ఉంది, ఆ సొమ్ము జమైన పాస్‌బుక్ ఉంది. ఆడిటరు అఫిడవిట్ తయారు చేశాడు: ఈ ఖాతాలో నా కుమారుడు ఒక్క రూపాయి వేయలేదు, ఇందులో అతనికి ఎలాంటి హక్కూ లేదు. అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది. ఒకచోట అక్షర దోషం దిద్దింది. సంతకం పెట్టకుండా కాగితం నా చేతికిచ్చింది.

"వాడికి హక్కు లేదని నా చేత రాయిస్తావా నాయనా? నా తర్వాత అదంతా వాడిదేగా."

పంతులమ్మగా ఎంతమంది చేత నిజం పలికించిందో! ఈ కాగితంలో ఉన్నదీ నిజమే, కానీ ఆమె దృష్టిలో అది కొడుకును కాదనడం. నేను ఎంత వాదించినా వినలేదు. బావ అక్కడే మంచం మీద కూర్చుని ఉన్నాడు. "పెట్టమ్మా, అది నీ డబ్బు" అని ఒక్క మాట అని ఉంటే ఆమె పెట్టేదే. అనలేదు. వ్యాపారంలో దెబ్బ తినడాన్ని నేను తప్పుపట్టను, కవరు దాచినందుకు కూడా క్షమించగలనేమో. ఆ మౌనాన్ని మాత్రం క్షమించలేను.

సగం సొమ్ము పన్నుకు పోయింది. ఆపరేషన్ పెన్షన్ డబ్బుతో, ఆలస్యంగా జరిగింది. మిగిలిన సగాన్ని అత్తయ్య ముట్టుకోలేదు, వాడి కోసమని ఉంచింది.

ఆమె పోయాక 'సర్వైవర్' నిబంధన ప్రకారం ఆ సగం బావకు వచ్చింది. ఆమెకు వేరే వారసులు లేరు. పన్ను బాకీ వడ్డీతో ఇంకా నిలిచే ఉంది. శాఖ నుంచి మళ్లీ నోటీసు వచ్చింది. ఈసారి వాటాల లెక్క అవసరం లేకపోయింది, ఖాతాలో మిగిలింది ఒక్క పేరే.