కణితి చుట్టూ ఉన్న నేల

1889లో లండన్ సర్జన్ స్టీఫెన్ పేజెట్ రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది శవపరీక్షల వివరాలు తిరగేశారు. రక్తం కాలేయానికీ, ప్లీహానికీ పుష్కలంగానే అందుతుంది. అయినా వ్యాధి కాలేయానికి పాకినంతగా ప్లీహానికి పాకలేదు. క్యాన్సర్ కణం విత్తనం లాంటిదని, ఎటు కొట్టుకుపోయినా తనకు సరిపడే నేలలోనే మొలుస్తుందని ఆయన తేల్చారు. వైద్యలోకం ఆ మాటను దశాబ్దాల పాటు పక్కన పెట్టేసింది. మందులన్నీ విత్తనాన్ని చంపడానికే తయారయ్యాయి.

నేల సంగతి మళ్లీ పట్టించుకున్నవారిలో ముఖ్యులు జూడా ఫోక్‌మన్. 1960ల మొదట్లో అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో ఆయన కృత్రిమ రక్తంపై పనిచేసేవారు. శరీరం నుంచి వేరుచేసి, ద్రవం ఎక్కిస్తూ బతికించిన థైరాయిడ్ గ్రంథిలో క్యాన్సర్ కణాలు వేసి చూశారు. కణితులు ఒకటి రెండు మిల్లీమీటర్ల దాకా పెరిగి ఆగిపోయాయి. చచ్చిపోలేదు, తీసి ఎలుకలో పెడితే మళ్లీ విజృంభించాయి. గాజుపాత్రలోని గ్రంథిలో లేనిది కొత్త రక్తనాళాలు మొలిపించుకునే శక్తి. ఆ మొలకను ఆపితే కణితిని ఆపవచ్చని 1971లో ఆయన ప్రతిపాదిస్తే నమ్మినవారు తక్కువ. రక్తనాళాలను పెంచే వీఈజీఎఫ్ ప్రోటీన్‌ను నెపోలియోన్ ఫెరారా 1989లో వేరుచేశారు. దాన్ని అడ్డుకునే బెవాసిజుమాబ్‌కు 2004లో అమెరికాలో అనుమతి వచ్చింది, పెద్దపేగు క్యాన్సర్‌కు.

ఆ మందు ఆయుష్షును నెలల లెక్కనే పెంచింది. రక్తం పూర్తిగా ఆగిపోతే కీమో మందు కూడా లోపలికి చేరదు కదా! వంకరటింకర నాళాలను నాశనం చేయడం కాదు, చక్కబరచాలని రాకేశ్ జైన్ 2001లోనే వాదించారు. ఆయన చెప్పినదే సరైన దారి అని నా నమ్మకం.

క్లోమ క్యాన్సర్‌లో ఇదే పాఠం మరింత కఠినంగా ఎదురైంది. అక్కడ కణితిని దట్టమైన పీచు కణజాలం చుట్టేసి ఉంటుంది. దాన్ని తొలగిస్తే మందు దూరుతుందని అందరూ ఆశపడ్డారు. తీరా 2014లో రఘు కల్లూరి బృందం ఎలుకల్లో ఆ పీచును అల్లే కణాలను తగ్గిస్తే క్యాన్సర్ మరింత ఉగ్రరూపం దాల్చింది. ఆ గోడ కొంతవరకు శరీరానికే కాపలా కాస్తోందన్నమాట.

మళ్లీ రక్తనాళాల సంగతికి వస్తే, వీఈజీఎఫ్ వాటిని పెంచడమే కాదు, రోగనిరోధక కణాలను కూడా అణిచిపెడుతుంది. అందుకే బెవాసిజుమాబ్‌కు అటెజోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందును జతచేశారు. ముదిరిన కాలేయ క్యాన్సర్‌లో ఈ జంట అప్పటిదాకా వాడుతున్న సొరాఫెనిబ్ కంటే రోగులను ఎక్కువకాలం బతికించింది. 2020లో దానికి అమెరికాలో అనుమతి లభించింది.