కారు నేలకి మాటు: ఛాసీ పోయాక హోల్డెన్ కథ

నేను ఇంగ్లీషు మీడియంలో చదువుకున్నాను. అరవై దాటాక సొంతంగా తెలుగు నేర్చుకుంటున్నాను. అందుకే చిన్న వాక్యాలు రాస్తాను. నాలాగే నేర్చుకుంటున్న మీకు అవి సులువుగా ఉంటాయని ఆశ.

పాత కారు కనిపిస్తే అందరూ రంగు చూస్తారు, ఇంజన్ గురించి అడుగుతారు. కాళ్ల కింద ఉన్న రేకు గురించి ఎవరూ అడగరు. ఈసారి ఆ రేకు చరిత్ర చెప్తాను.

ముందు రెండు మాటలు నేర్చుకుందాం. మొదటిది తుప్పు. ఇనుముకి నీరూ గాలీ తగిలితే వచ్చే ఎర్రటి పొడి. "నా తెలుగు తుప్పు పట్టింది" అని మన ఇళ్లలో అంటూ ఉంటారు, వినే ఉంటారు. రెండోది మాటు. గిన్నెకి చిల్లు పడితే లోహపు ముక్క పెట్టి అతుకుతారు. ఆ అతుకు పేరు మాటు. ఒకప్పుడు "మాట్లు వేస్తాం" అని కేకలు వేస్తూ వీధి వీధీ తిరిగేవారు. బట్టకి వేసేది మాసిక, గిన్నెకి వేసేది మాటు. కారు నేలకి వేసేది కూడా మాటే అని నేను అంటాను.

ఇప్పుడు చరిత్ర. హోల్డెన్ మొదట కార్ల కంపెనీ కాదు. 1856లో అడిలైడ్‌లో గుర్రపు జీనులు అమ్మే వ్యాపారంగా మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1917లో, ఆస్ట్రేలియా ప్రభుత్వం విదేశాల నుంచి కారు బాడీల దిగుమతిని తగ్గించింది. అప్పుడు ఛాసీ ఓడలో వచ్చేది, బాడీ ఇక్కడ కట్టేవారు. హోల్డెన్ ఆ పనిలో పెద్దదైంది. 1931లో జనరల్ మోటార్స్‌తో కలిసిపోయింది.

ఛాసీ అంటే బలమైన ఇనుప చట్రం. ఇంజన్, చక్రాలు, బాడీ అన్నీ దానిమీదే ఉంటాయి. మీరు విజయవాడ ఆటోనగర్ చూశారా? అక్కడికి లారీ ఒట్టి ఛాసీగా వస్తుంది. మేస్త్రీలు దానిమీద చెక్కతో, ఇనుముతో బాడీ కడతారు. 1920లలో అడిలైడ్‌లో కార్లకి జరిగిన పని ఇంచుమించు అదే. అలాంటి బండికి నేల అంటే చాలాసార్లు చెక్క పలకలే. పలక పుచ్చిపోతే తీసేసి కొత్తది బిగిస్తారు. బరువంతా మోసేది ఛాసీ కాబట్టి బండికి ఏమీ కాదు.

1948లో ఇది మారింది. ఆ ఏడాది నవంబరు 29న, మెల్‌బోర్న్‌లోని ఫిషర్‌మెన్స్ బెండ్‌లో ప్రధానమంత్రి బెన్ చిఫ్లీ కొత్త హోల్డెన్ కారుని లోకానికి చూపించారు. దాని పేరు 48-215. జనం దాన్ని ఎఫ్.ఎక్స్. అంటారు. ఈ కారుకి విడిగా ఛాసీ లేదు. నేల, గోడలు, పైకప్పు అన్నీ కలిపి వెల్డింగ్ చేసిన ఒక పెట్టె అది. ఆ పెట్టే బరువు మోస్తుంది. అందువల్ల కారు తేలికైంది, సుమారు వెయ్యి కిలోలే. తేలికైన బండికి ఆరు సిలిండర్ల ఇంజన్ పెడితే మట్టి రోడ్డు మీద కూడా చక్కగా పరిగెత్తింది. 1953లో వచ్చిన ఎఫ్.జె. కూడా లోపల దాదాపు ఇదే కారు.

అంటే 1948 తర్వాత కారు నేల ఉత్త నేల కాదు, అదే వెన్నెముక. ఇంట్లో గచ్చు పగిలితే గోడలు పడవు. ఈ కారులో నేల పోతే ఇల్లే వంగుతుంది. పాత కార్లు బాగుచేసే పని అంతా ఈ ఒక్క విషయం మీద ఆధారపడి ఉంది.

మరి తుప్పు ఎందుకు పడుతుంది? చలిదేశాల్లో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. మెల్‌బోర్న్‌లో ఆ గొడవ లేదు. ఇక్కడ నీళ్లు ఎక్కువగా పైనుంచే దిగుతాయి. ముందు అద్దం చుట్టూ ఉన్న రబ్బరు ఎండిపోతే వాన నీరు లోపలికి కారుతుంది. కార్పెట్ దాన్ని స్పాంజిలా పట్టి ఉంచుతుంది. కార్పెట్ కింద చప్పుడు తగ్గించడానికి అతికించిన తారు అట్టలు ఉంటాయి. అవి ఊడిన చోట నీరు దాక్కుంటుంది. రెండు రేకులు ఒకదానిమీద ఒకటి అతికిన చోట ఇంకా ప్రమాదం. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది. అందుకే అది ఆ రెండు రేకుల్నీ విడదీస్తుంది.

మా గుడిలో నాతోపాటు సేవ చేసే మిత్రుడు ఒకాయన ఒక ఎఫ్.జె. కొన్నారు. బయట రంగు అద్దంలా ఉంది. కార్పెట్ ఎత్తి స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూశాం. అది కిందికి దిగిపోయింది. ఎవరో పాత నూనె డబ్బా రేకుని రివెట్లతో బిగించి, పైన తారు పూశారు. సీటు బెల్టు బోల్టు సరిగ్గా ఆ రేకులోనే ఉంది. ఆ సీటులో మనవరాలిని కూర్చోబెట్టుకుని తిప్పాలని ఆయన కోరిక.

ఇక్కడ ఇంకొంచెం చరిత్ర కావాలి. ఈ కారు పుట్టినప్పుడు దానికి సీటు బెల్టులు లేవు. 1970 డిసెంబరులో విక్టోరియా రాష్ట్రం సీటు బెల్టు పెట్టుకోవాలని చట్టం చేసింది. ప్రపంచంలో అలాంటి చట్టం అదే మొదటిది. తర్వాత చాలా పాత కార్లకి బెల్టులు పెట్టించారు, వాటి బోల్టుల్లో కొన్ని నేలలోకే వెళ్తాయి. నేల గట్టిగా ఉంటేనే బెల్టు బెల్టు. నేల తుప్పు పడితే ప్రమాదంలో బోల్టు ఊడి చేతికి వస్తుంది.

కాబట్టి మాటు ఎలా వేయాలి? ముందు తలుపుల ఖాళీల్లో ఇనుప కడ్డీలు అడ్డంగా వెల్డింగ్ చేయాలి. లేకపోతే నేల కోసినప్పుడు బాడీ కుంగుతుంది, తర్వాత తలుపులు పట్టవు. తలుపు కింద ఉన్న పెట్టెలాంటి భాగాన్ని సిల్ అంటారు. నేను దాన్ని గడప అంటాను. గడపా నేలా ఒకేసారి కోయకూడదు. ఒక పక్క పూర్తిచేశాకే రెండో పక్క.

తుప్పు ఉన్నంత మేరా కాదు, మంచి ఇనుము కనిపించేదాకా కోయాలి. అట్టముక్కతో కొలత తీసుకుని, సుమారు ఒక మిల్లీమీటరు మందం ఉన్న ఉక్కు రేకు కోయాలి. పాత రేకులో ఉబ్బెత్తు గీతలు ఉంటే కొత్తదానిలోనూ కొట్టాలి. అవి అందం కోసం కాదు, రేకు వంగకుండా. వెల్డింగ్ ఒకే గీతలా లాగకూడదు. ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్క పెట్టి చల్లారనివ్వాలి. లేకపోతే వేడికి రేకు అప్పడంలా వంకర పోతుంది.

ఇత్తడి గిన్నెకి కళాయి పూస్తారు కదా, అలాగే అతుకులకి జింకు ఉన్న ప్రైమర్ పూయాలి. జింకు తాను ముందు కరిగి ఇనుముని కాపాడుతుంది. తర్వాత అతుకుల్లో సీలర్, లోపలి ఖాళీల్లో మైనం. నీరు పోయే రంధ్రాలు మూయకూడదు.

ఇది హోల్డెన్ కథే కాదు. మన తాతల అంబాసిడర్ కూడా ఇలాంటిదే. అది ఇంగ్లండ్‌లోని మారిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చింది. బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 1957 నుంచి 2014 దాకా తయారైంది. దానికీ విడిగా ఛాసీ లేదు. మన ఊళ్లలో టింకరింగ్ మేస్త్రీలు గ్యాస్ వెల్డింగ్‌తో ఎన్నో అంబాసిడర్ల నేలలకి మాట్లు వేశారు. వాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు.

ఆస్ట్రేలియాలో హోల్డెన్ ఆఖరి కార్ల ఫ్యాక్టరీ 2017 అక్టోబరు 20న ఎలిజబెత్‌లో మూతపడింది. కొత్త హోల్డెన్ ఇక రాదు. ఉన్నవాటినే నిలబెట్టుకోవాలి. "అన్ని రేకులు మార్చాక అది పాత కారేనా?" అని కొందరు అడుగుతారు. మాటు వేసిన గిన్నెని మన అమ్మమ్మలు కొత్త గిన్నె అనలేదు. మా గిన్నె అనే అన్నారు. కానీ మాటు గట్టిదో కాదో నీళ్లు పోసి చూసుకునేవారు. పైన తారు పూసి సరిపెట్టుకోలేదు.